పేట కాలని వేసవి

అసలు ‘కౌన్సిలరు గారు కాలం చేశారు’ అని చెప్పమని ఎవరు చెప్పారండీ వాళ్లకి? రిక్షాకి మైకు కట్టి, గంటస్తంభం నుంచి కోట దాకా, కోట నుంచి కస్పా దాకా, పొద్దుటి నుంచి భోజనాల వేళ వరకూ తిప్పారు. ‘మన ప్రియతమ కౌన్సిలరు గారు ఇక లేరు’ అంటాడే తప్ప మైకులో ఆ మనిషి ఇంకో ముక్క చెప్పడు. విజయనగరంలో సగం మందికి పోయిందెవరో తెలియలేదు. మా వీధిలో పాలు పోసే ఆవిడ నన్నే ఆపి అడిగింది.

“ఎవులో కౌన్సిలరంట, పోనాడంట బాబూ. మీ బావకి తెలిసినోడేటి?”

“బాగా తెలిసినోడేనమ్మా,” అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. పాలబిందె రోడ్డు మీదే దింపేసి, “అమ్మ నా తల్లో, మన బావేటి?” అని అక్కడే కూలబడింది.

అదండీ సంగతి. బావ పోయాడంటే ఊరికి తెలుస్తుంది. కౌన్సిలరు పోయాడంటే ఆఫీసుకి సెలవొస్తుంది. వచ్చింది కూడా. ఆయన కౌన్సిలరుగా ఉన్నది నిండా రెండేళ్లు కూడా లేదు. ఈ ఊరి వీధుల్లో కాలినడకన తిరిగి కాలిపోయిన కొంపలు నిలబెట్టింది ఒక తరం కాలం. మైకు కట్టినవాళ్లకి చిన్నదే గుర్తొచ్చింది. పెద్దది చెప్పాలంటే రిక్షా చాలదనుకున్నారేమో.

బావ అంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. అక్కడ చేలున్నవాళ్లు పట్నం రారు. అన్నదమ్ములు పంచుకోగా పంచుకోగా గట్లు మాత్రమే మిగిలినవాళ్లు వస్తారు. బావ అలా వచ్చి ఇక్కడ బజారులో తాళ్ల కొట్టు పెట్టాడు. చేదతాళ్లు, పశువుల పలుపులు, ఇల్లు కప్పుకునే నారతాళ్లు. సాయానికి నన్ను రమ్మన్నాడు. వీధిబడిలో నాలుగు అక్షరాలు దిద్దినవాణ్ని, అంతకన్నా పెద్ద ఉద్యోగం ఇస్తానని ఎవరూ వెంటపడలేదు కనక వచ్చాను. కొట్లో నేను పొద్దస్తమానం ‘బావా, బావా’ అంటుంటే విని, బేరానికి వచ్చినవాళ్లూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఊరందరికీ ఆయన బావే. “ఆ లెక్కని ఊల్లో మగోలందరూ నాకు తమ్ముల్లేటి? ఉన్న ఒక్కడితోనే ఏగలేకపోతన్నాను,” అనేది మా అప్ప, నా వైపు చూసి.

మేం వచ్చిన మొదటి వేసవిలోనే రైలు గేటు అవతల పేట కాలింది. అవన్నీ తాటాకు ఇళ్లు. ఏ పొయ్యి నిప్పో, ఏ చుట్ట నిప్పో, మధ్యాహ్నపు గాలికి ఒకటి అంటుకుంటే వరస మొత్తం పోయేది. దాదాపు ఏటా పోయేది. ఆ రోజు కేకలు వినగానే జనం బిందెలు పట్టుకుని నూతుల దగ్గరికి పరిగెత్తారు. బావ కూడా కొట్లోంచి కొత్త చేద, కొత్త తాడు తీసుకుని పరిగెత్తాడు. నుయ్యి ఎటుందో ఆయనకి తెలియదు. అందుకని ముందు ఎవడు గట్టిగా పరిగెడుతున్నాడో చూసి వాడి వెనకాలే పరిగెత్తాడు. వాడు రైలందుకోవడానికి పోతున్నాడు. బావ చేదతో సహా స్టేషనుకి చేరాడు.

ఊరు చాలా రోజులు నవ్వింది. బావా నవ్వాడు. కానీ ఆ మర్నాటి నుంచి తెల్లవారగానే లేచి వీధి వీధీ తిరగడం మొదలుపెట్టాడు, నూతులు చూడ్డానికి. ఏది ఎవరి పెరట్లో ఉంది, ఏది మండువేసవిలో ఎండుతుంది, ఏ ఇల్లాలు చేదతాడు లోపల దాచేస్తుంది, అంతా చూసి వచ్చేవాడు. “కొట్టు తియ్యకుండా ఈ తిరుగుడేటి బావా?” అని నేను సణిగితే, “ఊరంటే ఏటనుకున్నావురా? ఇల్లుండడం కాదు. అగ్గంటుకుంటే ఎటు పరిగెట్టాలో తెలిస్తే అది మన ఊరు,” అనేవాడు.

పేట కాలిన మర్నాడు దుప్పటి పట్టి తిరగడం ఈ ఊళ్లో మేం రాకముందు నుంచీ ఉంది. వెడల్పాటి దుప్పటిని నలుగురు నాలుగు కొసలా పట్టుకుని వీధి వెంట నడుస్తారు. అరుగుల మీంచి జనం బియ్యం, పాతబట్టలు, గిన్నెలు అందులో వేస్తారు. బావకి అందరిళ్లూ, అందరి నూతులూ తెలుసు కనక నెమ్మదిగా ఆ పని ఆయన చేతికొచ్చింది. రాగానే పాటలు మాన్పించాడు. అంతకుముందు ఒక హార్మోనియం పెట్టె ముందు నడిచేది. “పాట బాగుంటే ఇనేసి ఊరుకుంటారు. బాగోపోతే తలుపేసుకుంటారు. మనకెందుకొచ్చింది?” అన్నాడు. ప్రతి గడప దగ్గరా ఆగి ఒకే మాట చెప్పేవాడు: “అమ్మా, పేట కాలిపోనాది. నువ్వొండుకుంటన్న గిన్నె ఒద్దు. అటకమీద నువ్వు మరిసిపోయిన గిన్నె ఇయ్యి.”

మరిచిపోయిన గిన్నె లేని ఇల్లు ఈ దేశంలో లేదు. ఆడవాళ్లు నవ్వుతూ లోపలికి వెళ్లి, దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చేవారు.

అసలు విశేషం కొసల దగ్గరుంది. ఆ నాలుగు కొసలూ ఎవరు పట్టుకోవాలో బావే నిర్ణయించేవాడు. ఒకరితో ఒకరికి మాటల్లేని నలుగుర్ని ఏరేవాడు. గోడ తగాదా పడ్డ పక్కింటివాళ్లు, సంబంధం చెడి మొహాలు తిప్పుకున్నవాళ్లు, ఎదురెదురు కొట్లవాళ్లు. కబురు పంపేవాడు కాదు, తనే ఒక్కొక్కరి గడపకీ వెళ్లి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లడిగి పుచ్చుకుని మరీ పిలిచేవాడు. ఎందుకొచ్చిన గొడవ, మంచిగా ఉన్నవాళ్లని పెట్టుకోవచ్చు కదా అని మొదట్లో నేను అడిగాను.

“మాటలున్నోలైతే కబుర్లాడుకుంటా కొస ఒగ్గేస్తార్రా. మాటల్లేనోలైతే ఎదటోడికంటే ముందు నానెందుకొగ్గాలని గట్టిగా అట్టుకుంటారు. దుప్పటి బిగుతుగా ఉంటాది.”

అంతే. అంతకన్నా పెద్ద కారణం ఎప్పుడూ చెప్పలేదు. ‘మీ తగువు తీరుస్తాను రండి’ అంటే ఒక్కడూ వచ్చేవాడు కాదు. కానీ నాలుగు వీధులు తిరిగేసరికి ‘కాస్త దించు’, ‘ఇటు తిప్పు’, ‘జాగర్త, బిందె జారతంది’ అనక తప్పదు కదా. ఆ మూడు మాటలతో ఎంతమంది గోడ తగాదాలు గోడకే వదిలేశారో నేను చూశాను. పేట కాలిందంటే తగువులున్నవాళ్లు ముందే తలుపులేసుకునేవారు, బావ వస్తాడని. తలుపు తీసేదాకా ఆయన అరుగు మీదే ఉండేవాడు.

మా ఎదురింట్లో వకీలు గారుంటారు. వారిది ఈ ఊళ్లో పాత కుటుంబం. బావకి ఈ ఊళ్లో ప్రాణస్నేహితుడెవరంటే ఆయనే. కోర్టు నుంచి రాగానే కోటు విప్పి మా అరుగు మీదికి వచ్చేసేవారు. ఆయనకి దుప్పటి కొస పట్టుకోవాలని మహా సరదా.

“ఏమయ్యా, ఇన్నేళ్లుగా చూస్తున్నాను, నాకొక్కసారి కూడా కొస ఇవ్వవేం?”

“మీకెవులితోటీ తగువు నేదు గదా వకీలుబాబూ.”

“కోర్టులో రోజూ తగువే కదయ్యా!”

“అయి ఎవులెవులివో తగువులు. మీ సొంతానికొకటి తెచ్చుకోండి, అప్పుడు సూద్దాం.”

కొత్తవాళ్లెవరైనా మా అరుగెక్కితే వకీలు గారు చేద కథ చెప్పేవారు. ఎంత బాగా చెప్పేవారనీ. రైలు కదులుతుంటే గార్డు బావని ఆపి ‘చేదకి టిక్కెట్టేదీ’ అని అడిగాడని ఆయన సొంతంగా కలిపారు. “గార్డెక్కడున్నాడు బాబూ?” అని బావ అంటే, “నువ్వూరుకోవయ్యా, కంగార్లో నువ్వు చూడలేదు,” అనేవారు. బావ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ కథ ఎన్నిసార్లు విన్నా మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు.

ఇంతలో మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. మా వార్డుకి వకీలు గారు నిలబడ్డారు. పేటవాళ్లూ బజారువాళ్లూ కలిసి బావని నిలబడమన్నారు. బావ వెంటనే ఒప్పుకోలేదు, నేరుగా ఎదురింటికి వెళ్లి, “మీరేటంటారు బాబూ?” అని అడిగాడు. “నిలబడవయ్యా, ఆటన్నాక ఇద్దరుండాలి,” అన్నారు వకీలు గారు. అప్పటికి ఇద్దరూ అది ఆటనే అనుకున్నారు.

ఆటలాగే మొదలైంది కూడా. వకీలు గారికి ఎన్నికల గుర్తుగా లాంతరొచ్చింది, బావకి గొడుగు. మా ఊరి నడిబొడ్డున ఉన్న కూడలి పేరే మూడు లాంతర్లు. “మూడూ ఆలకే ఓటడుగుతున్నాయి, ఎన్నికలయ్యేదాకా ఆటికి గోనెలు తొడగాల,” అని మావాళ్లు అర్జీ పెడతామన్నారు. అయితే మీ వాడు ఎండలో గొడుగేసుకు తిరగడం మాటేమిటని అటువాళ్లన్నారు. బావ ఆ మాట విని గొడుగు తీసి మూల పెట్టేశాడు. నెత్తిన తువ్వాలేసుకుని తిరిగాడు. “ఓటేసినోలందరికీ నీడంట. ఈ మడిసికి మాత్రం ఎండదెబ్బ,” అనేది మా అప్ప, మజ్జిగ కలుపుతూ.

ఆఖరి రోజుల్లో వకీలు గారు మూడు లాంతర్ల దగ్గర మీటింగు పెట్టారు. బావా నేనూ వెనకాల సోడా బండి పక్కన నిలబడి విన్నాం. ఆయన మాట వినడం మాకు అలవాటే కదా. ఎవరైనా ఉసిగొల్పారో, జనాన్ని చూసి ఊపొచ్చిందో, ఆయన చేద కథ ఎత్తుకున్నారు. అన్నీ అరుగు మీద చెప్పే మాటలే. గార్డు కూడా ఉన్నాడు. చివర ఒక్కటి కొత్తగా కలిపారు: “మన నుయ్యి ఎక్కడుందో తెలియక స్టేషనుకి పరిగెత్తిన మనిషి, ఆ రైలెక్కి వాళ్ల ఊరు వెళ్లిపోయి ఉంటే మనకీ బాధ తప్పేది!”

జనం గొల్లుమన్నారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వబోయి, బావ మొహం చూసి ఆగిపోయాను.

ఇంటికొస్తూ దారిలో అన్నాడు: “అదే కతరా. అరుగుమీద సెప్తే నవ్వొచ్చేది. మైకులో సెప్తే ఏటోలాగున్నాది.”

కొంత దూరం పోయాక మళ్లీ, “ఇన్నేల్లయినా నానింకా ఆ రైలు దిగనేదేట్రా ఈలకి?” అన్నాడు.

ఎన్నికల్లో బావ గెలిచాడు. ఓడిపోయి ఉంటే వకీలు గారే మా అరుగెక్కి ‘ఏమయ్యా గొడుగూ’ అని పలకరించి ఉండేవారు. అప్పటికప్పుడు అయిపోయేది. గెలవడంతో చెడింది. వకీలు గారు రావడం మానేశారు. అది కోపమో, అనకూడని మాట అన్నానన్న సిగ్గో నాకు తెలియదు. రెండూనేమో. మా వీధి వెడల్పెంతండీ, ఒక ఎద్దుబండి పడుతుంది. ఇద్దరిలో ఒక్కరూ దాన్ని దాటలేదు.

“ఎల్లి ఓపాలి పలకరించొస్తే మీ సొమ్మేటి పోద్ది?” అని మా అప్ప సాధించేది.

“గెలిసినోడు ముందెల్తే ఎటకారం సేసినట్టుంటాదే,” అనేవాడు బావ.

ఎదురింటి మాట వకీలు గారి భార్య మా అప్పతో చెప్పేది. ఓడినవాడు ముందు వెళితే దేహీ అన్నట్టుంటుందని అక్కడ వాదనట. ఆడవాళ్లిద్దరూ మాత్రం రోజూ కూరలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. మగవాళ్ల తగువులో చారు చల్లారిపోవాలని ఎక్కడా లేదు కదా.

పోనీ కౌన్సిలరుగిరీ అయినా సుఖపెట్టిందా అంటే, అదీ లేదు. బావకి పొద్దుటి నడక పోయింది. ఆయన వీధిలోకి వస్తే జనం లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు. అరుగు మీద చోటిచ్చేవారు కాదు, కుర్చీ తెచ్చి వేసేవారు. ఓ పొద్దున్న కస్పాలో, బావకి పిన్నిలాంటి ముసలావిడ ఒకావిడ, ఏళ్ల తరబడి దుప్పట్లో గిన్నెలేసిన మనిషి, గుమ్మంలో నిలబడి, “నాను మరిసిపోయిన గిన్నెలు సాలా ఇచ్చినాను గానీ బాబూ, నువ్వు మరిసిపోయిన కొళాయి మాటేటి?” అంది. న్యాయమే. కౌన్సిలరుని అడక్క ఎవరిని అడుగుతుంది? బావ ఇంటికొచ్చి, “ఆ గడప కూడా పోనాదిరా,” అన్నాడు. ఆ తర్వాత పొద్దున్నే లేచినా, అరుగు మీదే కూర్చుని వీధిని చూసేవాడు.

ఆ వేసవిలో పేట మళ్లీ కాలింది. దుప్పటి పడతామని యువజన సంఘం వాళ్లు నా దగ్గరికొచ్చారు. “కొసలెవులికియ్యమంటావు మావా?” అని అడిగారు. ఊళ్లో అందరికన్నా గట్టిగా మాటల్లేని ఇద్దరెవరో వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. అడగమని వాళ్లు నా వైపు చూశారు. సరేనని బావ దగ్గరికి వెళ్లాను.

“నానట్టుకుంటాను. ఆయన్నీ రమ్మను.”

“పిలవడం నీ పని కదా బావా. ఎప్పుడూ నువ్వే కదా గడపకెల్లి పిలిసీవోడివి.”

“అప్పుడు నాను బావనిరా. ఇప్పుడెల్లి గుమ్మమెక్కితే కౌన్సిలరొచ్చినట్టుంటాది గానీ నానొచ్చినట్టుంటాదా? నువ్వెల్లు.”

వీధి దాటి వకీలు గారింటికి వెళ్లాను. ఆయన అంతా విని, అప్పుడే లేవబోయినట్టు కుర్చీ చేతులు పట్టుకున్నారు. మళ్లీ వదిలేశారు.

“అతను వచ్చి పిలవాలయ్యా. కబురు పంపితే చెల్లదు. ఆ పద్ధతి ఎవరు పెట్టింది? నేనా?”

పద్ధతి పెట్టింది బావే. అటూ ఇటూ తిరిగి తిరిగి నాకు కాళ్లు నొప్పెట్టాయి గానీ, ఇద్దరిలో ఒక్కరి కాలూ కదల్లేదు. చివరికి యువజన సంఘం వాళ్లే కొసలు పట్టారు. నలుగురూ జిగిరీ దోస్తులు. నవ్వుకుంటూ, తోసుకుంటూ మా వీధిలోకి వచ్చేసరికి ఒకడు జోకు చెప్పాడు, ఇంకొకడు చెయ్యెత్తాడు, కొస జారింది. గిన్నెలన్నీ రోడ్డు మీద దొర్లాయి. ఇటు అరుగు మీంచి బావ లేచాడు. అటు గేటు దగ్గర వకీలు గారు లేచారు. ఒక ఇత్తడి చెంబు దొర్లుకుంటూ సరిగ్గా వీధి మధ్యకొచ్చి ఆగింది. ఇద్దరూ దాన్ని చూశారు. ఆ సంఘం కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చి దాన్ని తీసుకుపోయాడు. మంచివాడే పాపం. ఆ రోజు వాడి మీద నాకొచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు.

ఆ రాలిన గిన్నెలు చూశాక బావకి ఒక పట్టుదల వచ్చింది. “ఏటేటా కాలడం, ఏటేటా అడుక్కోడం ఏట్రా? కౌన్సిలరైనందుకు ఈ పనైనా సేస్తాను,” అని పేట ఇళ్లకి పెంకులు వేయించడానికి పూనుకున్నాడు. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో నేను చూశాను. ఇళ్లకి సాయం కావాలంటే ముందు వాళ్ల స్థలాలకి పట్టాలుండాలన్నారు. అది బావకి అంతుబట్టని పని. నేను బెంగపడుతుండగానే పేటవాళ్లు పట్టాల అర్జీలు చేతపట్టుకుని వచ్చారు, అన్నీ పద్ధతిగా రాసి ఉన్నాయి.

“ఎవులు రాసినార్రా?” అన్నాడు బావ.

“వకీలుబాబు. ఒక్కొక్కల్నీ కూకోబెట్టి రాసినారు. మీకు సెప్పొద్దన్నారు.”

“అయితే నాకు సెప్పకండి,” అన్నాడు బావ. అని చాలాసేపు తాడు చుట్ట చుడుతూ కూర్చున్నాడు, చుట్టిందే మళ్లీ విప్పి చుడుతూ.

చలికాలం వెళ్లేలోగా పేట మీద పెంకులు పడ్డాయి. పెంకు దించడం ఒకరి పని, కాగితం నడిపించడం ఒకరి పని. రైలు గేటు దగ్గర నిలబడి చూస్తే ఎర్రగా, వరసగా, కొత్త పెళ్లికూతురులా ఉండేది పేట. బావ నన్ను తీసుకెళ్లి చూపించాడు. వకీలు గారూ ఒంటరిగా వెళ్లి చూసొచ్చారని తర్వాత తెలిసింది.

ఈ వేసవి వచ్చింది. కోర్టుకి సెలవులిచ్చారు. వకీలు గారు వసారాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చునేవారు, రైలు గేటు వైపు తిరిగి. బావ మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద కూర్చునేవాడు, అటే తిరిగి. గాలి గట్టిగా వీస్తే ఇద్దరూ తలెత్తేవారు.

“ఈపాలి నానే ఎల్లి పిలుస్తానురా,” అన్నాడు బావ ఒకరోజు. “కౌన్సిలరనుకున్నా సరే, ఎవులనుకున్నా సరే. గుమ్మం కాడ కూకుంటాను. మంచినీల్లడుగుతాను.”

“ఎప్పుడు బావా?”

“పేట కాలీసరికి.”

“పెంకులేసినాం గదా బావా. కాలకపోతేనో?”

బావ నా వైపు చూశాడు. మెల్లిగా నవ్వాడు. “అదీ నిజమేరా,” అన్నాడు.

“ఊరకే ఎల్లొచ్చుగదా. నాలుగడుగులు.”

“ఊరకే ఏటని ఎల్తాంరా? మడిసిని పిలవాలంటే ఓ పనుండాల.”

పేట కాలాలని వాళ్లిద్దరిలో ఎవరూ కోరుకోలేదు. అది నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. ఇద్దరూ కలిసి దాన్ని కాలకుండా చేశారు. చేసి, ఇద్దరూ విడివిడిగా, అది కాలితే తప్ప మాట్లాడుకునే దారి లేదన్నట్టు వేసవంతా కూర్చున్నారు. ఇంత చదివిన మనిషికీ, ఇంత నడిచిన మనిషికీ వేరే తోవ తోచలేదు. మధ్యలో నాకైనా తోచిందా అంటే, లేదు.

తొలకరి ఈసారి పెందరాళే పడింది. పెద్ద చినుకులు పడుతుంటే బావ అరుగు చివర నిలబడి చెయ్యి చాపాడు. “ఇంకీ యేడు కాలదు,” అన్నాడు. అది సంతోషమో, దిగులో ఆయన గొంతులో నాకు తెలియలేదు. పెంకులు కురుస్తున్నాయేమో చూసొస్తానని ఆ వానలోనే పేటకి వెళ్లాడు. తడిసి ముద్దై వచ్చాడు. ఒక్క ఇల్లూ కారలేదని మా అప్పకి గొప్పగా చెప్పాడు. మర్నాటికి జ్వరం, రొమ్ము పట్టేసింది. డాక్టరొచ్చాడు, మందులొచ్చాయి, ఎదురింటి నుంచి మిరియాల కషాయం వచ్చింది. అది ఎవరు పంపారో మా అప్ప చెప్పింది. “సేదుగున్నాది. బాగున్నాది,” అన్నాడు. వారం తిరగలేదు.

శ్మశానానికి వకీలు గారు చెప్పుల్లేకుండా నడిచొచ్చారు. మైకు రిక్షా ముందు పోతోంది, మేం వెనక. తిరిగొచ్చేటప్పుడు నా పక్కకి చేరారు.

“ఈ ఏడు పేట కాలలేదయ్యా,” అన్నారు.

“అవును బాబూ.”

“మంచిదే కదా.”

“మంచిదే.”

ఇద్దరం వకీళ్లమైనా అంతకుమించి వాదించలేకపోయేవాళ్లం.

ఇప్పుడాయన రోజూ వీధి దాటి వస్తున్నారు. కర్మకాండ అయిన మర్నాటి నుంచి, ఎవరూ పిలవకుండానే. వచ్చి అరుగు మీద కూర్చుంటారు. మా అప్ప మంచినీళ్లు పంపుతుంది. కథలేవీ చెప్పరు. నేను పక్కనే కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాసుకుంటుంటే, ఏం రాస్తున్నావని కూడా అడగరు. పొద్దు వాలాక రైలు గేటు అవతల పొగ లేస్తుంది. పేటలో పొయ్యిలు వెలిగించే వేళ. పెంకుల మీద తెల్లగా పరుచుకుని అలా నిలబడిపోతుంది. దాన్ని చూడగానే ఆయన వీపు నిటారు అవుతుంది. “వంట పొగే బాబూ,” అంటాను. “తెలుసులేవయ్యా,” అంటారు. రోజూ ఇంతే.

ఇవాళ ఆ మాట నేను అనేలోపే ఆయన లేచారు. ఇంటికి వెళతారనుకున్నాను. వీధిలోకి దిగి, ఇంటివైపు కాకుండా రైలు గేటు వైపు తిరిగారు. అటే నడుస్తున్నారు.

“ఒరే తమ్ముడూ! వకీలుబాబు పేటకేసి ఒక్కరూ ఎల్లిపోతన్నార్రా, సీకటి పడతన్నాది. ఆ కాయితాలక్కడ పడీసి ఎనకాల ఎల్లు, బేగెల్లు!” అని లోపల్నించి మా అప్ప కేకేస్తోంది. వెళ్లాలండీ. చెప్పాల్సింది ఇంకా ఉంది. బావే గనక ఉండి ఉంటే ఈపాటికి ఆయన పక్కన నడుస్తూ...